సాక్ష్యము వ్రాసిన చేయి: షోయబుల్లాఖాన్ జీవితము

శతవార్షికోత్సవ సంచికలో దైవజనుల జీవితచరిత్రలు ఉండుట పరిపాటి. మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన మిషనరీలు, తొలి గురువులు, కాలినడకన పల్లెలు తిరిగిన బైబిలు స్త్రీలు, బోర్డింగు పాఠశాలల ఉపాధ్యాయులు, వీరిని గూర్చి నాకంటె బాగుగా ఎరిగినవారు వ్రాయగలరు. నేను వ్రాయబూనినది మన సంఘపు రిజిస్టరులో పేరులేని ఒకరిని గూర్చి. ఆయన క్రైస్తవుడు కాడు, మన జిల్లావాడును కాడు. హైదరాబాదు నగరమున ఒక చిన్న ఉర్దూ దినపత్రిక నడపి, ఇరువది ఏడేండ్ల వయస్సున హతుడైన ముస్లిము యువకుడు, షోయబుల్లాఖాన్.

క్రైస్తవుల సంచికలో ఈయన జీవితమెందుకని ప్రియ సహవిశ్వాసులు అడుగవచ్చును. ఉజ్జీవ కూటములలో మనము సాక్ష్యము చెప్పుమనినప్పుడు, జ్వరము తగ్గిన సంగతియో, కుమారునికి ఉద్యోగము వచ్చిన సంగతియో చెప్పి కూర్చుందుము. అదియు మంచిదే. అయితే ధర్మశాస్త్రములో సాక్షి అను మాటకు మరియొక బరువున్నది. కీడు జరుగుట చూచియు, తెలిసియు, చెప్పవలసినచోట చెప్పనివాడు దోషశిక్షను భరించునని లేవీయకాండము నేర్పుచున్నది. ఆ రెండవ అర్థములో సాక్షిగా బ్రతికినవారిని నేను తెలుగుదేశమున వెదకగా నాకు మొదట కనబడినవాడు ఈ షోయబుల్లాఖానే.

ఆయన 1920 అక్టోబరు 17వ తేదీన మహబూబాబాదు సమీపమున సుబ్రవేడు అను గ్రామమున జన్మించెను. అది అప్పటి నిజాము రాజ్యములో వరంగల్లు జిల్లా. దోర్నకలుకు దూరము కాని ఆ ప్రాంతము మనవారికి క్రొత్తది కాదు. ఆయన పుట్టుటకు ఎనిమిదేండ్ల ముందు, 1912 డిసెంబరులో, వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు దోర్నకలు మొదటి బిషప్పుగా అభిషేకము పొందిరి. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. వారి పూర్వులు ఉత్తరప్రదేశమునుండి వచ్చినవారు. తండ్రికి గాంధీగారియందు ఎంతో భక్తి. కుమారునిలో ఆయన పోలికలు చూచుకొని, షోయబుల్లా గాంధీ అని ముద్దుగా పిలిచెడివాడని చెప్పుదురు.

ఆయన జీవితము తెలియవలెనంటే ఆనాటి నిజాము రాజ్యము తెలియవలెను. ఎనుబది రెండువేల చదరపు మైళ్ల పైచిలుకు నేల, 1941 జనాభా లెక్కల ప్రకారము కోటి అరువది మూడు లక్షల జనము, పదునారు జిల్లాలు. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మాట్లాడు ప్రజలు. పరిపాలన అంతయు ఉర్దూలో. జనములో ముస్లిములు నూటికి పన్నెండు, పదుమూడుగురు మాత్రమే. అయినను ఆ ముస్లిములందరును నవాబులని తలంచరాదు. వారిలో ఎక్కువమంది రిక్షా లాగువారు, నేతపనివారు, జవానులు, చిన్న గుమాస్తాలు. ప్రభువు మతము ప్రజలలో కొందరి మతమైనంత మాత్రమున ఆ కొందరి కడుపులు నిండవు. ఈ మాట మనము మరువరాదు. ఏలయనగా బ్రిటిషువారి కాలమున మనలను గూర్చియు జనులు అట్లే తలంచియుండిరి.

1947 ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను గాని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇండియాలో చేరలేదు. ఆ నవంబరు 29న యథాతథ ఒడంబడిక జరిగెను. ఈ లోపల మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థ లాతూరు వకీలైన ఖాసిం రజ్వీ చేతికి వచ్చియుండెను. అతని క్రింద రజాకార్లు అను స్వచ్ఛంద సేన కత్తులు, తుపాకులు పట్టి పల్లెలమీద పడుచుండెను. ఇండ్లు తగులబెట్టుట, ధాన్యము దోచుట, స్త్రీలను చెరచుట, ఎదిరించినవారిని చంపుట నిత్యకృత్యమాయెను. స్వామి రామానంద తీర్థ మొదలగు స్టేటు కాంగ్రెసు నాయకులు చెరసాలలో ఉండిరి. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో 1946 జూలైలో కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య చనిపోయినది మొదలు రైతుల పోరాటము ఆయుధపోరాటముగా మారుచుండెను. కాంగ్రెసువారి శిబిరములు సరిహద్దులలో నుండి నిజాము నాకాలపై దాడులు చేయుచుండెను. నిజాము రాజ్యమునుండి పారివచ్చిన కుటుంబములు కృష్ణా, గుంటూరు జిల్లాలకు చేరెను. పల్నాడు ఒడ్డున నిలిచి చూచినచో కృష్ణకు ఆవలి ఒడ్డు నల్లగొండ జిల్లా. రేపల్లె దగ్గర మనము చూచుచున్న నీరు ఆ రెండు ఒడ్డుల నడుమనుండి వచ్చినదే.

అట్టి రాజ్యములో షోయబుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడాయెను. ఉర్దూ మాధ్యమములో చదివి, బి.ఏ. పట్టముపొందిన ముస్లిము యువకునికి, అందును పోలీసు ఉద్యోగి కుమారునికి, సర్కారు కొలువు కష్టము కాదు. అతడు దానిని కోరలేదు. కొద్ది జీతమునకు 'తేజ్' అను పత్రికలో చేరెను. ఆ పత్రికలో నిజాము పాలనను, రజాకార్లను విమర్శించు వ్రాతలు వచ్చుచుండగా ప్రభుత్వము దానిని నిషేధించెను. తరువాత ఆయన మందుముల నర్సింగరావుగారి 'రయ్యత్' పత్రికలో చేరెను. నర్సింగరావుగారు ఉర్దూలో పత్రిక నడపిన తెలుగువారు. పరిపాలకులకు అర్థమగు భాషలోనే ప్రజల బాధ వినిపింపవలెనని వారి పట్టుదల. మనము రైతు అనుచున్న మాటయు ఈ రయ్యత్ అను మాటయు ఒక్కటే. ప్రభుత్వము ఆ పత్రికనుకూడ మూయించెను.

యిర్మీయా గ్రంథములో యెహోయాకీము రాజు చేసినపని మీకు జ్ఞాపకముండును. చలికాలపు నగరులో కుంపటిముందు కూర్చుండి, బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను చదివించుకొనుచు, చదివినంతమట్టుకు చాకుతో కోసి నిప్పులో వేసెను. బారూకు ఏమి చేసెను? మరియొక చుట్ట తీసికొని, మొదటి మాటలన్నియు మరల వ్రాసి, మరికొన్ని చేర్చెను. వేదాంత కళాశాలలో మేము ఆ అధ్యాయమును పాఠభేదముల కొరకు చదివితిమి. హీబ్రూలో ఇట్లున్నది, గ్రీకులో అట్లున్నది అని పరీక్షలో వ్రాసితిమి. పత్రికలు మూతబడిన ఈ చరిత్ర చదివినప్పుడుగాని బారూకు ఎంత మొండివాడో నాకు తెలియలేదు.

షోయబుల్లా తెరచిన మూడవ చుట్ట పేరు 'ఇమ్రోజ్'. అనగా నేడు. 1947 నవంబరు 15న, బూర్గుల రామకృష్ణారావు మొదలగు వారి సహాయముతో ఆ దినపత్రిక ప్రారంభమాయెను. బూర్గులవారే తరువాత 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిరి. పత్రిక చిన్నది, డబ్బులేనిది. సంపాదకునికి అప్పటికి ఇరువది ఏడేండ్లు నిండి నెల మాత్రమే అయినది.

ఆయన వ్రాసినది ఏమి? ఒకటి, హైదరాబాదు రాజ్యము ఇండియాలో చేరవలెననియు, ప్రజలకు బాధ్యతగల ప్రభుత్వము ఉండవలెననియు వాదించెను. ఇది రాజకీయాభిప్రాయము. ఇట్టి అభిప్రాయము గలవారు ఇంకను కొందరు ఉండిరి. రెండవది ఆయన ప్రాణము తీసినది. పల్లెలలో రజాకార్లు చేసిన అకృత్యములను ఆయన పత్రికలో అచ్చువేయుచుండెను. 1948 జనవరి చివర ఆయన వ్రాసిన ఒక సంపాదకీయమునకు పగటి ప్రభుత్వము, రాత్రి ప్రభుత్వము అని పేరు. పగలు ఏలునది నిజాము సర్కారు, చీకటిపడిన తరువాత ఏలునది రజాకారు అని ఆయన చూపించెను. ఆ దినములలోనే, జనవరి 30న, ఢిల్లీలో గాంధీగారు ప్రార్థనకు పోవుచు హతులైరి.

రజాకార్ల అకృత్యములను గూర్చి మద్రాసు పత్రికలు వ్రాసెను, బొంబాయి పత్రికలు వ్రాసెను, విజయవాడలో సభలు జరిగెను. వాటిని రజ్వీ లెక్కచేయలేదు. శత్రువులు అట్లే పలుకుదురు అని తనవారికి చెప్పుకొనుటకు వీలుండెను. కాని ముస్లిము పేరుగలవాడు, ముస్లిములు చదువు ఉర్దూలో, నగరము నడుమ కూర్చుండి, మన పేరట, మన మతము పేరట ఈ దారుణములు జరుగుచున్నవని వ్రాసినప్పుడు ఆ సాకు నిలువలేదు. నాలుగువందలమంది ప్రవక్తలు రాజునకు అనుకూలముగా పలుకుచుండగా ఇమ్లా కుమారుడైన మీకాయా ఒక్కడు ఎదురు పలికిన సంగతి మనము ఎరుగుదుము. అహాబు అతనిని ద్వేషించుటకు కారణము అతడు సిరియావాడు గనుక కాదు, ఇశ్రాయేలువాడు గనుక. సొంతవారి తప్పును సొంతవారిమధ్య నిలిచి చెప్పుటకు, ఎదుటివారి తప్పును కేక వేసి చెప్పుటకు చాల భేదమున్నది. మనలో చాలమంది రెండవ పని చేసి మొదటి పని చేసితిమనుకొందుము.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. ఆనాటి పోరులో మంచివారందరు ఒక ప్రక్క, చెడ్డవారందరు ఒక ప్రక్క అని గీత గీయుట సాధ్యము కాదు. దళిత నాయకులలో బి.ఎస్. వెంకట్రావు నిజాము ప్రభుత్వమున మంత్రిగా ఉండెను. గ్రామములలో దొరల క్రింద వెట్టిచాకిరి చేసి విసిగినవారికి, కాంగ్రెసు దొరలకంటె నిజామే మేలని తోచియుండవచ్చును. డాక్టర్ అంబేద్కర్ 1947 నవంబరులో షెడ్యూల్డు కులములవారు నిజాము పక్షము వహింపరాదని ప్రకటన చేసిరి. ఎవరు ఎవరికి మిత్రులో తెలియని ఆ గందరగోళములో, చంపినవాడు ఎవడైనను చంపినట్లు వ్రాయుట ఒక్కటే తిన్నని దారి. షోయబుల్లా ఆ దారిన నడచెను.

బెదిరింపు ఉత్తరములు వచ్చుచుండెను. ఇంటివారును స్నేహితులును భయపడిరి. ఆయన వ్రాయుట మానలేదు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిము ప్రముఖులు కలిసి ఒక ప్రకటన చేసిరి. నిజాము ఇండియాలో చేరవలెను, రజాకార్ల సేనను రద్దుచేయవలెను అని దాని సారాంశము. సంతకము చేసినవారిలో బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, నవాబు మంజూర్ జంగ్, ఫరీద్ మీర్జా మొదలగువారు ఉండిరి. ఫరీద్ మీర్జాను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఆయన నాందేడు జిల్లాలో తహసీలుదారు. తన తాలూకాలో రజాకార్లు చేసిన పనులు కన్నులార చూచి, పైవారు పట్టించుకొనకపోగా, ఉద్యోగము వదలుకొని బయటికి వచ్చినవాడు. ఆ దినములలో తహసీలుదారు పదవి అంటే చిన్నది కాదు. ఈ ఏడుగురి ప్రకటనను 'ఇమ్రోజ్' ప్రచురించెను. రజ్వీ పక్షమువారికి అది తమ ఇంటిలోనుండి వచ్చిన దెబ్బ.

ఆగస్టు 19న నగరములోని జమ్రూద్ మహల్ సినిమాహాలులో జరిగిన సభలో ఖాసిం రజ్వీ మాట్లాడుచు, తమకు వ్యతిరేకముగా లేచు చేతులు నరకబడునని బహిరంగముగా హెచ్చరించెను. పేరు చెప్పవలసిన పని లేకపోయెను. విన్నవారికి ఎవరి చేయియో తెలిసెను.

రెండు దినములు గడచెను. ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి షోయబుల్లా కాచిగూడలో తన ఇంటికి పోవుచుండెను. లింగంపల్లి చౌరస్తా ప్రాంతమున హంతకులు వెనుకనుండి తుపాకితో కాల్చిరి. పడిపోయినవానిమీద కత్తులతో పడి, ఆయన చేయి నరికిరి. అడ్డుపోయిన ఇస్మాయిల్ ఖాన్ చేయికూడ నరికిరి. తెల్లవారకమునుపే షోయబుల్లా ప్రాణము పోయెను. తల్లిదండ్రులు, యౌవనవయస్సులో ఉన్న భార్య మిగిలిరి. మన రేపల్లె, తెనాలి ప్రజలను చాలకాలము హైదరాబాదు చేర్చిన డెల్టా ప్యాసింజరు బండి ఆగినది కాచిగూడ స్టేషనులోనే. ఆస్పత్రులకును, పరీక్షలకును, కూలిపనులకును పోయి అక్కడ దిగినవారు ఎన్ని వేలమందియో. ఆ చౌరస్తా స్టేషనుకు దగ్గరనే ఉన్నది.

ఆయన చనిపోయిన అయిదారు దినములకే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి గ్రామముమీద రజాకార్లు, నిజాము బలగములు విరుచుకుపడి ఒక్కదినమున పదులకొలది మందిని చంపిరి. ఆ వార్తను వ్రాయుటకు షోయబుల్లా లేడు. సెప్టెంబరు 13న భారత సైన్యము నాలుగు ప్రక్కల ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. ఆ సంపాదకుడు మరి ఇరువది ఏడు దినములు బ్రతికియుండినచో తాను కోరినది కన్నులార చూచియుండెడివాడు. రజ్వీని పట్టి విచారణ చేసిరి. అతడు శిక్ష అనుభవించినది ముఖ్యముగా బీబీనగర్ దోపిడి కేసులో. ఆ కేసు 1953లో సుప్రీంకోర్టు వరకు పోయెను. 1957లో విడుదలయై పాకిస్తాను చేరి 1970లో కరాచీలో చనిపోయెను.

చాలమంది ఈ కథను ఇచ్చటనే ముగింతురు. దుష్టుడు ఓడిపోయెను, రాజ్యము విమోచన పొందెను, ఒక వీరుని పేరు మిగిలెను. ప్రతి సెప్టెంబరు 17న సభలలో షోయబుల్లాఖాన్ పేరు ఎత్తుదురు. ఎత్తువారిలో కొందరు ఆయన ముస్లిము అను సంగతినే ముస్లిములమీద విసరుటకు వాడుకొనుట నేను వినియున్నాను. ఇది ఆయనకు రెండవమారు చేయి నరికినట్లు. ఏలయనగా, ఆ సెప్టెంబరు తరువాత జరిగిన దానిని ఆయన బ్రతికియుండినచో తప్పక వ్రాసియుండెడివాడని నా నమ్మకము.

ఏమి జరిగెనో చెప్పుటకు ముందు, చచ్చినవారిని లెక్కించుటనుగూర్చి మనకు తెలిసిన రెండు సంగతులు చెప్పెదను.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన రేపల్లె, బాపట్ల, దివిసీమ పల్లెలను ఎట్లు తుడిచిపెట్టెనో పెద్దలు ఇప్పటికిని చెప్పుదురు. బాపట్లలో ఆలయమున తలదాచుకొనిన సుమారు నూరుమంది ఆ కప్పుక్రిందనే చనిపోయిరి. ప్రభుత్వపు లెక్క పదివేల చిల్లర. రేషనుకార్డు లేనివారు, పొరుగు జిల్లాలనుండి కోతపనికి వచ్చినవారు, పేరుపెట్టని పసిబిడ్డలు ఏ జాబితాలోను చేరలేదు. పరిహారపు పట్టికలో పేరు లేనివాని చావు చావు కాదు. అది ప్రకృతి చేసిన పని గనుక లెక్కలో దాచవలసిన అవసరము ఎవరికిని లేదు. అయినను లెక్క తప్పెను.

రెండవది మనుష్యులు చేసిన పని. 1991 ఆగస్టు 6న తెనాలికి సమీపమున చుండూరులో ఎనిమిదిమంది దళితులను పొలములలో తరిమి నరికి చంపిరి. శవములను గోనెసంచులలో కట్టి కాలువలో వేసిరి. కాలువలో వేయుట ఎందుకు? సాక్ష్యము లేకుండ చేయుటకే. మరుసటి దినములలో శవములు ఒక్కొక్కటిగా దొరికెను. ఊరివారు, ముఖ్యముగా స్త్రీలు, చూచినది చూచినట్లు చెప్పిరి. బయటనుండి వచ్చిన పౌరహక్కుల సంఘములవారు పేరులు, స్థలములు, వేళలు వ్రాసికొనిరి. ఆ గ్రామములోనే ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడి, పదునారేండ్ల తరువాత, 2007 జూలై 31న, ఇరువది ఒక్కమందికి యావజ్జీవము, ముప్పది అయిదుగురికి ఒక యేడాది శిక్ష విధించెను. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వారినందరిని విడుదలచేసెను. ఆ సాక్షులలో మన విశ్వాసపు కుటుంబములవారు ఉండిరి. వారు కోర్టు బోనులో నిలిచిన దినములలో మన సంఘములు వారికి ఎంతమాత్రము తోడుగా నిలిచెనో ఈ శతవార్షిక సంవత్సరమున ప్రతి సంఘమును తన మినిట్సు పుస్తకము తెరచి చూచుకొనవలెను.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. నిజాము లొంగిపోయిన తరువాత వారములలో, మరాఠీ, కన్నడ జిల్లాలలో ముఖ్యముగా, ముస్లిములపై ప్రతీకారము మొదలాయెను. రజాకారు ఎవడో, రజాకారు పేరు వినినందుకే వణకిన బీదవాడు ఎవడో చూడలేదు. పురుషులను చంపిరి, స్త్రీలను ఎత్తుకొనిపోయిరి, బావులు శవములతో నిండెను. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు ఇందులో చేయి కలిపిరి. ప్రధానమంత్రి నెహ్రూగారు ఈ వార్తలు విని కలవరపడి, విచారించి రమ్మని ఒక బృందమును పంపిరి. దానికి పెద్ద పండిత సుందర్‌లాల్, గాంధేయవాది. మరియొకరు ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, అంతకుముందు హైదరాబాదులోనే 'పయామ్' అను ఉర్దూ పత్రిక నడపినవారు. అనగా షోయబుల్లా వంటి పని చేసినవాడే. మూడవవారు మౌలానా అబ్దుల్లా మిస్రీ.

1948 నవంబరు చివరనుండి డిసెంబరు మూడవ వారమువరకు వారు తిరిగిరి. పదునారు జిల్లాలలో తొమ్మిది, ఇరువది ఒక్క పట్టణములు, ఇరువది మూడు ముఖ్య గ్రామములు చూచిరి. తాము పోలేని మరి నూట తొమ్మిది గ్రామములవారిని అయిదువందలమందికి పైగా విచారించిరి. చచ్చినవారు మొత్తము ఇరువది ఏడువేలకును నలువది వేలకును నడుమ ఉందురని తేల్చిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు అను నాలుగు జిల్లాలలోనే పదునెనిమిది వేలకు తక్కువ కాదని వ్రాసిరి. వీటిలో నాందేడు, ఫరీద్ మీర్జా తహసీలుదారు పదవి వదలుకొనిన జిల్లాయే. ఒకే నేలమీద ముందు ఒకరు, వెనుక మరియొకరు.

ఆ నివేదికను నేను గౌరవించుటకు కారణము అది ఒక్క ప్రక్కనే చూడకపోవుట. రజాకార్లు అంతకుముందు చేసిన దారుణములను అది దాచలేదు. హిందువులలో అనేకులు ప్రాణములకు తెగించి పొరుగువారిని కాపాడిన సంగతులనుకూడ వ్రాసెను. పలుచోట్ల హిందూ నేతపనివారు తమతోడి ముస్లిము నేతపనివారికి అడ్డముగా నిలిచి, అందులో కొందరు ప్రాణములు పోగొట్టుకొనిరట. భట్టిప్రోలు, చెరుకుపల్లి, రేపల్లె ప్రాంతములలో మగ్గముల నడుమ పెరిగినవారు మన సంఘములలోనున్నారు. ఒక మగ్గపు గుంటలో కూర్చున్నవానికి ప్రక్క మగ్గపువాడు ఎవరో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రభుత్వము ఆ నివేదికను ప్రచురింపలేదు. ప్రచురించినచో గాయములు మరల రేగునని కారణము. ఆ భయము పూర్తిగా అబద్ధమని నేను అనను. 1948లో దేశమంతట మంటలు ఇంకను ఆరలేదు. అయితే దాచిన గాయము మానలేదు. లెక్క అచ్చుకానందున ఒకరు అసలేమియు జరుగలేదనిరి, మరియొకరు రెండు లక్షలమంది చచ్చిరనిరి. ఇద్దరి నోటికిని తాళము వేయగల కాగితము ఢిల్లీలో బీరువాలో ఉండెను. సంఘములలో కలహములు వచ్చినప్పుడు పాస్టరేటు కమిటీవారు చేయునదియు ఇదియే. విచారణ చేయింతురు, రిపోర్టు వచ్చినపిమ్మట బీరువాలో పెట్టి సమాధానము కొరకు ప్రార్థింతురు. నేనును అట్టి కమిటీలలో కూర్చున్నవాడనే గనుక ఇది ఎవరినో వ్రేలెత్తి చూపుట కాదు.

ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ 1956లో చనిపోయిరి. పండిత సుందర్‌లాల్ తొంబదియేండ్లకు పైగా బ్రతికి 1981లో చనిపోయిరి. ఇద్దరిలో ఎవరును తాము వ్రాసినది పూర్తిగా అచ్చులో చూడలేదు. నివేదిక ప్రతి 2013లో ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున అడిగినవారు చదువుటకు దొరకినది. అప్పటికి షోయబుల్లాఖాన్ చనిపోయి అరువది అయిదు సంవత్సరములు.